పావురం కథ చదువుతుంటే మా వాడు మొక్కు యాటకు పేరు పెట్టాడు, ఇప్పుడేం చేయాలి?

గట్టుకింది అమ్మ
జనవరి 4, రాత్రి 10:40

అందరికీ నమస్తే. మాది సూర్యాపేట దగ్గర పల్లె, మిద్దె ఎక్కితే లింగమంతుల జాతర జరిగే పెద్దగట్టు కనిపిస్తుంది. ఇక్కడ చదవడమే తప్ప రాసింది తక్కువ, కాబట్టి పొడుగైతే ఏమనుకోకండి.

మా పెద్దోడికి తొమ్మిదేళ్లు, చిన్నదానికి ఆరు. ఇద్దరిదీ ఇంగ్లిష్ మీడియమే. దసరా సెలవుల్లో మావాడు ఆర్టీసీ బస్సు బోర్డు మీద ఊరి పేరు చదవలేక నన్ను అడిగాడు. తొమ్మిదేళ్ల పిల్లవాడు సొంత ఊరి పేరు చదవలేకపోతే నాకెంత సిగ్గుగా అనిపించిందో. ఆ రోజే అనుకున్నా, రాత్రి అన్నాలయ్యాక అరగంట టీవీ బంద్, తెలుగు పుస్తకం గట్టిగా చదవడమే అని. మా చెల్లె హైదరాబాద్ పుస్తకాల పండుగలో కొని ఇచ్చిన చిత్రగ్రీవ కథ ఇంట్లో ఉంది, అదే మొదలుపెట్టాం. ధనగోపాల్ ముఖర్జీ 1927లో ఇంగ్లిష్‌లో రాశాడు, 1928లో అమెరికా వాళ్లు దానికి న్యూబెరీ పతకం ఇచ్చారు. నా దగ్గరున్నది తెలుగు అనువాదం.

కథ తెలియని వాళ్లకు రెండు ముక్కలు. కలకత్తాలో ఒక పిల్లగాడు పావురాలు పెంచుతుంటాడు. గూడు శుభ్రం చేస్తుంటే తండ్రి పావురం వచ్చి మొహం మీద పడుతుంది, ఆ కంగారులో చేతిలోని గుడ్డు కిందపడి పగిలిపోతుంది. మిగిలిన గుడ్డులోంచి వచ్చిందే చిత్రగ్రీవ. మొదటి రాత్రి ఇంతే చదివాను. మావాడు దుప్పటి కప్పుకుని చాలాసేపు పడుకోలేదు. "అమ్మా, పగిలినదాంట్ల ఎవరుండె?" అని అడిగాడు. ఏం చెప్పాలో తెలియక లైటు ఆపేశాను.

మా అత్తమ్మకు చదువు రాదు. మొదట్లో విననట్టే పక్క మంచంలో వక్కలు కత్తిరిస్తూ కూర్చునేది. నాలుగో రోజు నేను అలసిపోయి చదవకుండా పడుకోబోతే "ఏందమ్మా, ఆ పావురాన్ని గోడ మీదనే ఉంచుతవా ఇయ్యాల" అంది. తండ్రి పావురం పిల్లను మిద్దె గోడ మీద నుంచి తోసి ఎగరడం నేర్పించే చోట ఆపాను లెండి.

ఇక అసలు సంగతి. రెండేళ్ల కింద మా మామయ్యకు గుండె ఆపరేషన్ అయినప్పుడు అత్తమ్మ పెద్దగట్టు మీది చౌడమ్మ దేవతకు యాటను, అంటే బలిచ్చే గొర్రెను మొక్కుకుంది. జాతర రెండేళ్లకోసారి కదా, ఈ మాఘమాసంలో ఉంది. దసరా అప్పుడే గొర్రెపిల్లను కొని ఇంటి వెనుక కట్టేశాం. దాని మెడ చుట్టూ ఎర్రగా ఒక పట్టీలాగా బొచ్చు ఉంటుంది. చిత్రగ్రీవ అంటే రంగుల మెడ అని అర్థం చెప్పానా, అంతే, మావాడు మరుసటి రోజు స్కూలు నుంచి రాగానే దానికి గ్రీవుడు అని పేరు పెట్టాడు. ఇప్పుడు పిలిస్తే వస్తుంది కూడా. జాతరకు నెలన్నర కూడా లేదు.

మా ఆయనేమో పుస్తకం ఆపేయమంటున్నాడు. ముందు ముందు కథలో చావులున్నాయి, యుద్ధం ఉంది. ఆపాలా, చదవాలా? చదివితే ఆ చావుల దగ్గర ఏం చేయాలి? యాట సంగతి వాడికి ఎప్పుడు, ఎట్లా చెప్పాలి?


కందిచేను
జనవరి 4, రాత్రి 11:05

అక్కా ఇంత చిన్నదానికి ఇంత పెద్ద పోస్టా. మా చిన్నప్పుడు ఇంట్లో పది యాటలుండేవి. పొద్దున వాటితో ఆడుకునేవాళ్లం, పండుగకు తినేవాళ్లం, ఎవరికీ ఏ టెన్షన్ లేదు. పుస్తకాలు పెట్టి పిల్లల్ని మెత్తగా చేస్తున్నారు.


రెండో షిఫ్ట్ నాన్న
జనవరి 5, ఉదయం 6:20

కందిచేను తమ్ముడూ, మనకు టెన్షన్ లేదని మనం అనుకుంటున్నాం. మా అమ్మనడిగితే నేను ఎనిమిదేళ్లప్పుడు ఎర్ర మేక కోసం రెండు రోజులు అన్నం తినలేదట. నాకు గుర్తే లేదు.

చెల్లెమ్మా, పుస్తకం మాత్రం ఆపొద్దు. నేను జడ్చర్ల దగ్గర ఫ్యాక్టరీలో పనిచేస్తాను, రెండో షిఫ్ట్ వారమైతే ఇంటికొచ్చేసరికి పిల్లలు పడుకుని ఉంటారు. అందుకని మధ్యాహ్నమే ఒక అధ్యాయం ఫోన్‌లో రికార్డు చేసి పెట్టి పోతాను, రాత్రి వాళ్లమ్మ వినిపిస్తుంది. ఒకసారి మధ్యలో మా పక్కింటి కుక్క మొరిగింది, రికార్డులో పడింది. కథలో కూడా కుక్కే ఉంది ఆ రోజు. ఇప్పుడు ఆ అధ్యాయం మళ్లీ మళ్లీ పెట్టమంటారు, కుక్క కోసం, నా గొంతు కోసం కాదు.


జీవకారుణ్యం
జనవరి 5, ఉదయం 8:15

పసివాడి మనసు మీకు దారి చూపిస్తోంది. అమ్మవారు ఏనాడైనా రక్తం అడిగిందా? గుమ్మడికాయ కొట్టి మొక్కు తీర్చుకోండి. ఇలాంటి అనాగరికమైన ఆచారాలు మనమే మానాలి.


గట్టుకింది అమ్మ
జనవరి 5, ఉదయం 9:30

జీవకారుణ్యం గారూ, మీరు మంచికే చెప్పారనుకుంటాను, కానీ అనాగరికం అనే మాట మా అత్తమ్మ ముందు చదవలేను. ఆ గట్టు మీద లింగమంతుల స్వామికి రక్తం చూపించరు, యాట చౌడమ్మకే. ఎవరికి ఏది పెట్టాలో మా వాళ్లకు లెక్కుంది. నేను అడిగింది మొక్కు మంచిదా చెడ్డదా అని కాదు, పిల్లవాడికి ఎట్లా చెప్పాలి అని.


పాలమూరు పంతులు
జనవరి 5, మధ్యాహ్నం 2:50

అమ్మా, నేను రిటైరైన తెలుగు టీచర్‌ని, మహబూబ్‌నగర్‌లో ఉంటాను. మీ పోస్టు చదివి పాత నీతిచంద్రిక మళ్లీ తీశాను. చిన్నయసూరి 1853లో వేసిన ఆ పుస్తకంలో మిత్రలాభం మొదట్లోనే చిత్రగ్రీవుడున్నాడు, పావురాల రాజు. నూకలకు ఆశపడవద్దంటే వినక పావురాలన్నీ వలలో పడితే, అందరినీ ఒక్కసారిగా ఎగరమని చెప్పి వలతో సహా లేపుకుపోతాడు. ఎలుక హిరణ్యకుడు వల కొరకడానికొచ్చి ముందు రాజు బంధాలు కొరకబోతే, ముందు నా వాళ్లవి కొరుకు అంటాడు. మా తరం వాళ్లు ఇది క్లాసులో బట్టీ పట్టారు, అర్థమైంది మాత్రం చాలా ఏళ్ల తరువాత. మీ అబ్బాయి యాటకు పెట్టిన పేరు చాలా పాతది అని చెప్పండి.

ఇక చావుల సంగతి. మీ అత్తగారిని ఆవు-పులి కథ చెప్పమనండి. తప్పకుండా తెలిసుంటుంది. దాన్ని అనంతామాత్యుడు భోజరాజీయంలో పద్యాల్లో చెప్పాడు కానీ పద్యం రానివాళ్లు కూడా వందల ఏళ్లుగా చెప్పుకుంటూనే ఉన్నారు. ఆవు లేగకు పాలిచ్చి, ఎవరితో ఎట్లా మెలగాలో బుద్ధులు చెప్పి, మాట ప్రకారం పులి దగ్గరికి తిరిగి వస్తుంది. పులి దాన్ని వదిలేస్తుందని ఆ కథ విన్న ప్రతి పిల్లకూ తెలుసు. అయినా ఆవు లేగకు బుద్ధులు చెప్పే చోట ఏడవని పిల్లను నేను నా సర్వీసులో చూడలేదు. దానివల్ల ఒక్కరూ పాడైపోలేదు. కథలో ఏడుపు పిల్లలకు కొత్త కాదు. మనమే ఈ మధ్య దాన్ని జబ్బులాగా చూస్తున్నాం.

ఒక సలహా మాత్రం. చదివాక ప్రశ్నలు అడగకండి. దీనివల్ల నీవు ఏం నేర్చుకున్నావు అని అడిగితే ఆ రాత్రితో కథ చచ్చిపోతుంది. నేను ముప్పై ఏళ్లు అదే తప్పు చేశాను.


వనపర్తి అత్త
జనవరి 5, రాత్రి 9:10

సార్ చెప్పింది వంద శాతం. కానీ నేను చేసిన తప్పు వేరే, అది చెప్తాను, మీరైనా చేయకుండా.

మా పాపకు ఏడేళ్లున్నప్పుడు ఒక కుక్కపిల్ల కథ చదివాను, పుస్తకం పేరెందుకులెండి. చివర్లో కుక్క చనిపోతుంది. నేను ముందే చూసుకుని, అక్కడికి రాగానే రెండు పేజీలు కలిపి తిప్పేసి, కుక్క వాళ్ల మామయ్య ఊరికి పోయింది, అక్కడ పొలంలో హాయిగా ఉంది అని సొంతంగా అల్లి చెప్పాను. పాప నవ్వుకుంటూ పడుకుంది. నేనేదో ఘనకార్యం చేసిన దానిలాగా పడుకున్నాను.

ఏడాది తరువాత పాపకు చదవడం వచ్చింది. ఒకరోజు నేను బట్టలు ఆరేసి వచ్చేసరికి ఆ పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, ఆ రెండు పేజీల దగ్గర. నన్ను ఏమీ అనలేదు. ఆ రోజు నుంచి నేనేం చదివినా పక్కన కూర్చుని వేలు పెట్టి, లైను లైను చూసుకుంటూ వింటుంది. ఇప్పుడు పన్నెండేళ్లు. ఆ మధ్య మా నాయన ఆసుపత్రిలో ఉంటే, తాతకు తగ్గిపోతుంది అని చెప్పాను. "నిజంగానా, లేక మామయ్య ఊరికి పోతాడా?" అంది.

అందుకే వదినా, పేజీలు మాత్రం కలిపి తిప్పకు.


కందిచేను
జనవరి 5, రాత్రి 9:45

వనపర్తి అత్తా, ఈ మాట చదివాక నాకు ఇంకేం రాయబుద్ధి కావట్లేదు. మా ఎర్రమేక గురించి మా అమ్మనడుగుతా.


వనపర్తి అత్త
జనవరి 5, రాత్రి 9:52

ఎర్రమేక నీది కాదు బాబూ, రెండో షిఫ్ట్ అన్నది.


కందిచేను
జనవరి 5, రాత్రి 9:54

మాదీ ఎర్రదే అత్తా.


దేవరకొండ డిగ్రీ
జనవరి 6, ఉదయం 7:30

ఇంతకీ పావురాలు నిజంగా అంతేనా? తండ్రి కూడా గుడ్లు పొదుగుతుందా? మా తమ్ముడు పందెం కాసాడు. ఇంకోటి, మా వాడు కూడా ఈ కథ విని రామచిలుక కావాలంటున్నాడు, అంగట్లో పంజరంలో అమ్ముతున్నారు, తీసుకోవచ్చా?


పశువుల దవాఖాన
జనవరి 6, మధ్యాహ్నం 1:15

నేను పశువైద్యుడిని, నల్లగొండ జిల్లాలోనే పని. పందెం మీ తమ్ముడే గెలిచి ఉంటాడు. పావురం సాధారణంగా రెండు గుడ్లు పెడుతుంది, 18 రోజులకు అటూఇటూగా పొదుగుతాయి. రాత్రి ఎక్కువగా తల్లి కూర్చుంటుంది, పగలు తండ్రి. పిల్లలకు మొదటి రోజుల్లో గింజలు పెట్టవు, తల్లీతండ్రీ ఇద్దరి గొంతు సంచుల్లోనూ పాలలాంటి ముద్ద ఊరుతుంది, అదే నోట్లో పెడతాయి. తండ్రి కూడా పాలిచ్చే పక్షులు చాలా తక్కువ. కథలో తండ్రి పావురం పిల్లగాడి మొహం మీద పడడంలో కల్పన ఏమీ లేదు, గూడు మీద చేయి వేస్తే రెక్కతో కొట్టే దెబ్బ బాగానే తగులుతుంది, నాకు తగిలింది.

రామచిలుక మాత్రం వద్దు. మన దేశపు చిలుకల్ని పట్టడం, అమ్మడం, పంజరంలో పెంచడం 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం నేరం. అంగట్లో అమ్ముతున్నంత మాత్రాన తప్పు కాకుండా పోదు. పావురాలు పెంచుకోవచ్చు కానీ గూళ్లు పడుకునే గదికి దూరంగా ఉండాలి. ఎండిన రెట్ట దుమ్ము రోజూ పీలిస్తే ఊపిరితిత్తులకు చెడు చేస్తుంది, ఊడ్చేటప్పుడు తడిపి ఊడ్చి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి.

సూర్యాపేట అమ్మగారికి: యాట సంగతి పిల్లవాడికి నెల ముందే చెప్పండి. మా దవాఖానకు పిల్లలు కోడినో, మేకనో పట్టుకుని ఏడ్చుకుంటూ వస్తారు, అది బతకదని నేను చెప్పాలి. చెప్పినందుకు ఏ పిల్లా నన్ను తిట్టలేదు, ముందు చెప్పనందుకు తిట్టిన వాళ్లున్నారు. అన్నట్టు ఆ గొర్రెకు చిటుకు రోగం టీకా వేయించారా?


బొంబాయి బస్సు
జనవరి 7, రాత్రి 11:30

నమస్తే. నాది నారాయణపేట వైపు. పని బొంబాయిలో, మా నాయన కూడా ఇక్కడే మట్టిపని చేశాడు, మా ఊరి నుంచి బస్సు ఎక్కితే ఇక్కడే దిగుతాం. చదువు ఏడు వరకే, తప్పులుంటే అనుకోవద్దు.

నా బిడ్డ ఊర్లో మా అమ్మ దగ్గర ఉంటుంది. ఐదో తరగతి. రాత్రి ఎనిమిదికి వీడియో కాల్ చేస్తాను. ఏం తిన్నవ్, బడికి పోయినవా, ఇంకేంది, ఇంతే. రెండు నిమిషాలకు మాటలు అయిపోయేవి, ఇద్దరం ఫోను చూసుకుంటూ ఊరికే ఉండేవాళ్లం. వాళ్ల బడి సార్ లైబ్రరీ పుస్తకం ఇంటికి ఇచ్చాడు, పిల్లికూన కథ. ఒకరోజు మాటలు అయిపోయినాక నాన్నా చదవనా అంది. అప్పటి నుంచి రోజూ తను చదువుతుంది, నేను వింటాను. నా గదిలో ఎనిమిది మందిమి. మొదట ఇయర్‌ఫోన్ పెట్టుకుని వినేవాడిని. ఇప్పుడు స్పీకర్ పెట్టమంటారు అందరూ. కోస్గి ఆయన ఒకడు, బీదర్ ఆయన ఒకడు, ఆయనకు తెలుగు సగమే వస్తుంది, ఆ పిల్లి దొరికిందా అని పొద్దున పనిలో నన్ను అడుగుతాడు.

మీరు అమ్మ చదవాలి, నాన్న చదవాలి అంటున్నారు కదా, పిల్ల చదివి మనం విన్నా అవుతుంది అని చెప్దామని రాసిన.


పాలమూరు పంతులు
జనవరి 8, ఉదయం 6:05

తమ్ముడూ, తప్పులు ఒక్కటీ లేవు. మీ గదికి నా నమస్కారం చెప్పండి. పుస్తకాలు పంపడానికి ఊరి అడ్రసు ఇక్కడ పెట్టకండి, మీ బిడ్డ బడి సార్‌ను నాతో మాట్లాడమనండి, నేను ఈ వేదికలో సందేశం పెడతాను. నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్ల పిల్లల పుస్తకాలు తెలుగులో తక్కువ ధరకే ఉన్నాయి, నా దగ్గర ఒక సంచీడు ఉన్నాయి.


గట్టుకింది అమ్మ
జనవరి 22, రాత్రి 10:15

ఆలస్యమైంది, మిర్చి కోతల పనిలో పడ్డాం. ఇక్కడి దాకా జరిగింది చెప్తాను.

పుస్తకం ఆపలేదు. చిత్రగ్రీవ తండ్రి, తల్లి పోయిన అధ్యాయాలు ఉన్నది ఉన్నట్టు చదివాను, గొంతు పట్టుకుంది, నీళ్లు తాగి మళ్లీ చదివాను. పాప నా చేయి పట్టుకుంది, మావాడు గోడవైపు తిరిగాడు. ప్రశ్నలు అడగలేదు సార్, మీరు చెప్పినట్టే. మా అత్తమ్మే మాట్లాడింది. "తల్లిదండ్రులు లేని జీవం గట్టిగనే బతుకుతది" అని. ఆమెకు అమ్మానాన్న చిన్నప్పుడే పోయారు, మా ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తరు. మావాడు గోడవైపు నుంచి ఇటు తిరిగి "నానమ్మా, మీ అమ్మ ఎట్లుండె?" అన్నాడు. ఆ రోజు పుస్తకం అక్కడే ఆగింది, ఆమె రాత్రి పదకొండు దాకా చెప్తూనే ఉంది. పదిహేనేళ్ల నుంచి కోడలిగా ఉన్నాను, నాకు తెలియని సంగతులు.

తరువాత యుద్ధం. మొదటి ప్రపంచ యుద్ధంలో చిత్రగ్రీవను ఫ్రాన్స్‌కు తీసుకెళ్లి చీటీలు మోయిస్తారు. పావురం యుద్ధంలో ఏం చేస్తుందని మా ఆయన నవ్వాడు, ఆయన కూడా ఈ మధ్య తలుపు దగ్గర నిలబడి వింటున్నాడు లెండి, కూర్చోడు. చిత్రగ్రీవకు దెబ్బ తగిలి తిరిగొస్తుంది కానీ భయం పట్టుకుంటుంది, ఎగరదు. అక్కడికి వచ్చాం.

యాట సంగతి సంక్రాంతి మరుసటి రోజు చెప్పాను. నేనూ మావాడూ వెనక గడ్డి వేస్తున్నప్పుడు, తాతకు ఆపరేషన్ అయినప్పుడు నానమ్మ మొక్కుకుంది నాన్నా, జాతరకు ఈ యాటను ఇవ్వాలి అన్నాను. "తెలుసు" అన్నాడు. ఎట్లా తెలుసంటే, స్కూల్లో వ్యాన్ డ్రైవర్ చెప్పాడట, దసరాకు కొన్న యాట ఎందుకుంటదిరా జాతరకే కదా అని. తెలిసే పేరు పెట్టాడన్నమాట. ఎందుకురా మరి అంటే "పేరు పెడితే ఎవరూ కోయరనుకున్న" అన్నాడు.

నేనేం మాట్లాడలేకపోయాను.


వనపర్తి అత్త
జనవరి 22, రాత్రి 10:31

అయ్యో దేవుడా.


దేవరకొండ డిగ్రీ
జనవరి 22, రాత్రి 10:58

పావురాలు యుద్ధంలో నిజంగానే పనిచేశాయి అక్కా, అన్నకు చెప్పండి. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ వాడారు. మన పక్కనే ఒడిశా పోలీసులు 1946లో పావురాల సర్వీసు మొదలుపెట్టి, వరదల్లో, తుపాన్లలో వైర్లు తెగిపోయినప్పుడు వాటితో చీటీలు పంపేవాళ్లు. కటక్‌లో ఇప్పటికీ కొన్ని పావురాల్ని ఉంచారు. నేను ఈ విషయం వెతికింది మా తమ్ముడి పందెం డబ్బులు తప్పించుకుందామని, అది వేరే సంగతి.


రెండో షిఫ్ట్ నాన్న
జనవరి 23, ఉదయం 6:40

భయం పట్టిన పావురానికి లామాలు, అంటే బౌద్ధ సన్యాసులు, వైద్యం చేసే అధ్యాయం మా ఇంట్లో కూడా చదివాం. అది మందూ మాకూ కాదు, మనసు కుదుటపరచడమే కదా. మా చిన్నోడు "నాన్నా, మన పిల్లలమర్రికి 2018లో సెలైన్ సీసాలు కట్టి చెదలు మందు ఎక్కించారు కదా, అట్లాగా?" అన్నాడు. ఏడు వందల ఏళ్ల మర్రిచెట్టుకు సెలైన్ పెట్టిన మహబూబ్‌నగర్ జిల్లా వాళ్లం, లామాల వైద్యం మాకు వింతగా అనిపించలేదు.

చెల్లెమ్మా, మీవాడి మాట మీద నాకు తోచింది ఒకటే. వాడిని ఏమార్చొద్దు. కొనాల్సిందే కొంటారు, ఇవ్వాల్సిందే ఇస్తారు, కానీ అత్తమ్మతో ఒకసారి మాట్లాడి చూడండి. మొక్కింది ఆవిడ, ఆవిడకే లెక్క తెలుస్తుంది.


జీవకారుణ్యం
జనవరి 23, ఉదయం 8:00

ఆ రోజు నేను వాడిన మాట తప్పు. క్షమించండి. ఈ థ్రెడ్ మా అమ్మాయికి చదివి వినిపిస్తున్నాను, తను రోజూ గ్రీవుడు ఎట్లా ఉన్నాడని అడుగుతోంది.


కందిచేను
జనవరి 23, ఉదయం 8:12

బాగుంది, మన వేదికే నవల అయిపోయింది.


గట్టుకింది అమ్మ
ఫిబ్రవరి 1, రాత్రి 9:50

అత్తమ్మతో మాట్లాడాను. భయపడుతూనే. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు, అడకత్తెర పక్కన పెట్టింది. తరువాత అన్నది నేను మా యాసలోనే రాస్తాను: "నేను యాటను మొక్కిన గని దీన్ని మొక్కలే. నోటితోని అన్నది యాట అనే. చౌడమ్మకు లెక్క తప్పద్దు, అంతే." ఇంకో మాట కూడా అంది, మందలో ఉన్నప్పుడు వాళ్ల నాయన అమ్మకానికి పెట్టే వాటికి పేరు పెట్టనిచ్చేవాడు కాదట, మందకు దారి చూపే పొట్టేలుకు మాత్రమే పేరు ఉండేదట, దాన్ని ముసలిదయ్యేదాకా ఉంచుకునేవాళ్లట. "మీ వాడు ముందుగాలనే పేరు పెట్టిండు, ఇగ దాన్ని ఇచ్చినా దేవతకు ఇచ్చినట్టుండదు, పిల్లగాని దగ్గర గుంజుకున్నట్టుంటది."

ఆదివారం అంగడికి పోయి మా ఆయన ఇంకో పోతును తెచ్చాడు. పన్నెండు వేలు. దారిపొడుగునా గొణుక్కుంటూ వచ్చాడు, ఒక పుస్తకం పన్నెండు వేలైందని.


పశువుల దవాఖాన
ఫిబ్రవరి 2, ఉదయం 10:20

మీ అత్తగారు చెప్పిన పద్ధతి నాకు తెలిసిన మందల వాళ్లలో కూడా ఉంది. ముందు నడిచే పొట్టేలును మెడలో గంట కట్టి ఉంచుకుంటారు. టీకా సంగతి ఇంకా చెప్పలేదు మీరు.


గట్టుకింది అమ్మ
ఫిబ్రవరి 24, రాత్రి 10:05

జాతర అయిపోయింది. ఐదు రోజులు ఊరంతా గట్టు మీదే. గజ్జెల లాగులు, భేరీలు, ఓ లింగా ఓ లింగా అని అరుపులు, చెవులు ఇంకా గింగురుమంటున్నాయి. చిన్నది తప్పిపోయి పది నిమిషాలు ప్రాణాలు పోయాయి, బెలూన్ల దగ్గర దొరికింది.

మావాడిని ఇంట్లో వదిలిపోదామనుకున్నాను. వస్తానన్నాడు. కొత్త పోతును తాడు పట్టి నడిపించింది వాడే, ఎవరూ చెప్పలేదు. గట్టు ఎక్కేటప్పుడు "దీని పేరేంది నానమ్మా" అని అడిగాడు. ఆమె "దేవతకు పోయేదానికి పేరెందుకు బిడ్డా" అంది. వాడు ఇంకేం అడగలేదు. మొక్కు అయ్యేటప్పుడు వాళ్ల తాత దగ్గర నిలబడ్డాడు, తాత చొక్కా పైన గుండె మీద కుట్లున్న చోట చేయి పెట్టి. ఎందుకు అట్లా పెట్టాడో నేను అడగలేదు, మామయ్య కూడా కదల్లేదు.

మధ్యాహ్నం అందరం చెట్ల కింద తిన్నాం. వాడు తింటాడో తినడో అని నేను చూడకుండా చూస్తున్నాను. కూర తిన్నాడు. రెండోసారి వేయించుకున్నాడు కూడా. మీరు ఏమనుకున్నా జరిగింది ఇదే.

రాత్రి ఇంటికొచ్చేసరికి అందరం తూలుతున్నాం, నేను చాప వేసి పడుకోబోతే పుస్తకం తెచ్చి ఒళ్లో పెట్టాడు. చివరి అధ్యాయం మిగిలింది. వాడినే చదవమన్నాను. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, ఒత్తుల దగ్గర ఆగిపోతూ చదివాడు. చిత్రగ్రీవ మళ్లీ ఎగిరే చోటుకు ఎంతసేపటికీ రాలేదు, పేజీకి పావుగంట పట్టింది. అత్తమ్మ సగంలో నిద్రపోయింది. మా ఆయన కూర్చున్నాడు ఈసారి.


బొంబాయి బస్సు
ఫిబ్రవరి 24, రాత్రి 11:40

అక్కా ఇది మా గదిలో చదివి వినిపించిన. బీదర్ ఆయన అడుగుతున్నాడు, ఆ పాత యాటను ఇప్పుడేం చేస్తారు అని.


గట్టుకింది అమ్మ
ఫిబ్రవరి 25, ఉదయం 7:10

ఏం చేస్తాం తమ్ముడూ, పెరుగుతోంది. కొమ్ములు వచ్చాయి, కనిపించిన వాళ్లందరినీ కుమ్ముతోంది, నిన్న పోస్టుమ్యాన్‌ను తరిమింది. మావాడు పిలిస్తే మాత్రం నిలబడుతుంది. డాక్టర్ సార్, టీకా ఇంకా వేయించలేదు, తిట్టకండి, ఎప్పుడు తీసుకురావాలి?


పశువుల దవాఖాన
ఫిబ్రవరి 25, ఉదయం 9:00

మీ మండల పశువుల దవాఖానకు ఈ వారమే పోండి, పొద్దున పూట. వానలు మొదలయ్యే ముందు మళ్లీ ఒకసారి వేయించాలి. చీటీ రాసేటప్పుడు పేరు అడగరు కానీ మీవాడు చెప్తే రాయమనండి.